అంగీల లెక్క

జనగామ,
జూన్ 14.

చచ్చాకు సబా సలాములు.

మీ ఉత్తరం అందింది. నఫీసా చాచీ మోకాలి నొప్పి తగ్గిందని రాశారు. నిన్న ఫోన్‌లో చాచీనే అడిగితే "ఏడ తగ్గింది బేటీ" అంది. మీ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చి నాకు రాయండి.

నా గదిలో ఉండే అమ్మాయిలు నేను ఉత్తరం రాస్తుంటే వింతగా చూస్తున్నారు. ఈ రోజుల్లో ఉత్తరాలేంటని ఒకటే నవ్వు. మా చచ్చా, అంటే బాబాయి, భూపాలపల్లి బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి, చెవులు రెండూ అక్కడే అప్పగించి కాటారం వచ్చేశాడని, ఫోన్ చేస్తే తన మాట చెప్పి పెట్టేయడమే తప్ప మన మాట వినపడదని చెప్పాను. ఉర్దూ మాట్లాడుకోవడమే గానీ మా ఇద్దరికీ రాయడం రాదని, అందుకే తెలుగులో రాసుకుంటామని కూడా చెప్పాను. అది విని ఇంకా నవ్వారు.

మా కార్ల కంపెనీలో మొత్తం ఎంతమంది పనిచేస్తారని అడిగారు. అది అడిగేవాళ్లను బట్టి ఉంటుంది చచ్చా. హైదరాబాద్ రోడ్డు మీద కంపెనీ పెట్టిన బోర్డులో ఆరు వేల కుటుంబాలని ఉంది. పోయినేడు యూనియన్ ఎన్నిక జరిగితే ఓటున్నవాళ్లు పదకొండు వందల మంది. ఓటు పర్మనెంటు వాళ్లకే. వాళ్లవి నీలం చొక్కాలు. నాలాంటి ట్రైనీలవి పసుపు. మమ్మల్ని పదకొండు నెలలు ఉంచుకుని, వారం రోజులు ఇంటికి పంపి, కొత్త నంబరిచ్చి మళ్లీ తీసుకుంటారు. మూడేళ్ల నుంచి నేను అలా కొత్తగా చేరుతూనే ఉన్నాను. మిగతా వాళ్లంతా కాంట్రాక్టు వాళ్లు, బూడిద రంగు చొక్కాలు. వాళ్లు కాంట్రాక్టర్ల మనుషులే గానీ తన మనుషులు కాదని కంపెనీ అంటుంది. బోర్డు రాయించేటప్పుడు మాత్రం తన మనుషులే.

ఈ ఏడు జీతాల ఒప్పందంలో నీలం చొక్కాలకు మంచి పెంపు వచ్చింది. దానికి బదులు, కాంట్రాక్టు వాళ్లను ఎంతమందిని పెట్టుకున్నా అడగబోమని యూనియన్ ఒప్పుకుందట. ఈ సంగతి మీకు రాయకూడదనే అనుకున్నాను. మీరు ఊరుకోరు కదా.

నాది డోర్ల చుట్టూ రబ్బరు పట్టీ ఎక్కించే పని. నిమిషానికో కారు వస్తుంది. ఈసారి ట్రైనీల్లో ముప్పై మందిని పర్మనెంటు చేస్తారు. నా పేరు ఉంటుందని సెక్షన్ మేనేజర్ మాటిచ్చాడు. మహబూబాబాద్‌లో అబ్బా ఇంకా కుట్టు మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి చెల్లి అమ్రీన్‌ను పిలుస్తున్నాడట. నేను పర్మనెంటు అయిన రోజు ఆ షాపు మూయించేస్తాను. ఇంకేమీ కోరుకోవడం లేదు.

ఒక నవ్వొచ్చే సంగతి. నెలాఖరు శుక్రవారం పర్మనెంటు వాళ్ల క్యాంటీన్‌లో చికెన్ బిర్యానీ పెడతారు. మాకు వేరే క్యాంటీన్, సాంబారన్నం. బిర్యానీ వడ్డించేవాడు మొహం చూడడు, చొక్కా చూస్తాడు. అందుకని ఆ రోజు నీలం చొక్కాలు చేతులు మారతాయి. మా సెక్షన్‌లో లింగయ్య అన్న మొక్కుండి ఈ ఏడాది నీసు ముట్టడం లేదు. ఆయన చొక్కా తొడుక్కుని చాంద్యా వెళ్లి తిని వస్తాడు. చాంద్యా గూడూరు వైపు తండా మనిషి, కాంట్రాక్టు ఆయన, నలభై ఏళ్లుంటాయి. ఆయన తినొచ్చేదాకా ఆయన బూడిద చొక్కా లింగయ్య అన్న ఒంటి మీద ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నన్ను మా సెక్షన్‌కు ఫైర్ మార్షల్‌ను చేశారు. సైరన్ మోగితే అందరినీ బయటికి తెచ్చి లెక్కపెట్టాలి. ఎర్ర టోపీ ఇచ్చారు. జీతమేమీ పెరగలేదు.

మీ సబా.


కాటారం,
జూన్ 27.

బేటా సబాకు,

చాచీ నొప్పి నాకు చెప్పినప్పుడు తగ్గింది, నీకు చెప్పినప్పుడు పెరిగింది. రెండూ నిజమే అనుకో.

బాయిలో ఒక గంట పనిచేస్తే మా అందరి అంగీలూ ఒకటే రంగు. అందుకే మా మేనేజర్లకు ఇన్ని తెలివితేటలు రాలేదు. మీ యూనియన్ ఒప్పందం సంగతి చదివిన పూట నేను పళ్లెం ముందు ఊరికే కూర్చున్నానని చాచీ అంటోంది. మీ యూనియన్ కార్యదర్శి పేరేంటి? ఉత్తరం ముక్క రాద్దామని ఉంది. వద్దంటావులే.

ఎర్ర టోపీ మంచిదే. మంటొస్తే ముందు నువ్వు బయటికి నడువు, తర్వాత లెక్కపెట్టు.

మీ ఆమెర్ అన్న కనపడుతున్నాడా? కంపెనీలో సూపర్‌వైజర్ పని బాగుందని చెబుతుంటాడు. నా కొడుకు నెలకోసారి కారులో వస్తాడు, తల్లికి మందులిస్తాడు, నా వైపు చెయ్యి ఊపుతాడు, పోతాడు. వాడి పని గురించి నాకంతకంటే తెలియదు.

నీ చచ్చా,
ఫకీర్ అహ్మద్.


జనగామ,
జులై 29.

చచ్చాకు సలాం.

చాచీతో ఫోన్‌లో చెప్పాను గానీ ఆమె మీకు ఎంతవరకు చెప్పగలిగిందో తెలియదు. మా కంపెనీలో మంటలు లేచాయి. నాకేమీ కాలేదు.

మొన్న శుక్రవారం, బిర్యానీ రోజు. భోజనాలు అయ్యీ కాకముందే పెయింట్ షాపు వెనక పాత రంగు డబ్బాలు పెట్టే గదిలోంచి పొగ వచ్చింది. సైరన్ మోగింది. అందరం బయటికి వచ్చి మైదానంలో గీతల మీద నిలబడ్డాం. నేను ఎర్ర టోపీ పెట్టుకుని మా వాళ్లను లెక్కపెట్టాను. శిక్షణలో మాకు నేర్పింది ఒకటే. నీలం ఎన్ని, పసుపు ఎన్ని. బూడిద చొక్కాల లెక్క వాళ్ల కాంట్రాక్టరు మనిషి చూసుకుంటాడు. నీలం నలభై రావాలి, వచ్చాయి. పసుపు కూడా సరిపోయింది. "ఫుల్" అని అరిచాను. లోపల ఎవరూ లేరని ఫైరింజన్ వాళ్లు బయటి నుంచే నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు.

కాసేపటికి ఒక నీలం చొక్కా వరసలోంచి బయటికి వచ్చి నా దగ్గరికి నడిచింది. మొహం చూస్తే చాంద్యా.

"సబమ్మా, లింగన్న కనవడ్తలేడు. గీ అంగీ ఆయనది. మావోళ్లల్ల ఉన్నడేమోనని అంత దేవులాడొచ్చిన. లేడు" అన్నాడు.

నేను చాంద్యాను అంతకుముందే చూశాను చచ్చా. లెక్కపెట్టేటప్పుడు ఆయన నా ముందే ఉన్నాడు. ఆయనను కాదు, చొక్కాను లెక్కపెట్టాను.

ఉరికి వెళ్లి పై వాళ్లకు చెప్పాను. లింగయ్య అన్న ఆ గది పక్కన, బూడిద చొక్కాల వాళ్లు నడుం వాల్చే మూలలో దొరికాడు. చాంద్యా చొక్కా తొడుక్కుని, తనను ఎవరూ లేపరనుకుని కునుకు తీశాడు. నిద్రలోనే పొగకు స్పృహ తప్పింది. బతికాడు. హనుమకొండలో దవాఖానలో ఉన్నాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయంటున్నారు.

బూడిద చొక్కాలను లెక్కపెట్టాల్సిన మనిషి ఆ పూట అసలు రాలేదు.

సాయంత్రానికి చాంద్యాను పనిలోంచి తీసేశారు. లింగయ్య చొక్కా దొంగిలించాడని పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చారు. 

నాకు అన్నం సహించడం లేదు. మీరు తిడితే బాగుండుననిపిస్తోంది.

మీ సబా.


కాటారం,
ఆగస్టు 4.

బేటా,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. మనుషుల్ని లెక్కపెట్టమంటే బట్టల్ని లెక్కపెట్టావు. దుకాణంలో పెట్టుకునే లెక్క అది. తిట్టడం అయిపోయింది.

నీకు అలా నేర్పినవాళ్లది నీకంటే పెద్ద తప్పు. అది మరిచిపోయి నువ్వొక్కదానివే నెత్తిన వేసుకోకు. 

ఇక చాంద్యా సంగతి. ఆ మనిషి నోరు మూసుకుని ఉంటే ఆయన ఉద్యోగం ఆయనకు ఉండేది, లింగయ్య మాత్రం ఉండేవాడు కాదు. దొంగ అలా చేస్తాడా? విచారణ పెడతారు, నిన్ను పిలుస్తారు. చూసింది చూసినట్టు చెప్పు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

అన్నం తిను. 

నీ చచ్చా.


జనగామ,
ఆగస్టు 12.

చచ్చాకు సలాం.

ఆలోచించడానికి ఏమీ లేదని రాశారు. ఉంది.

కంపెనీ ఆఫీసులో దీక్షిత మేడం పిలిచింది. నా వయసే ఉంటుంది. టీ తెప్పించింది, కుర్చీ వేయించింది. ఈ నెల ఇరవై ఎనిమిదిన విచారణ అట. "నువ్వు చెప్పాల్సింది ఎక్కువ లేదు సబా. చొక్కా మారిన సంగతి నీకు తెలియదు. తెలిశాక పై వాళ్లకు చెప్పావు. అంతే" అంది. చాంద్యా తనంతట తాను వచ్చి చెప్పిన సంగతి ఎత్తాను. అది విచారణకు అవసరం లేదంది. పర్మనెంటు లిస్టు ఆమె బల్ల మీదే ఉంది. నా పేరు చూపించింది. నా పేరు అచ్చులో చూడటం అదే మొదలు. సబా సుల్తానా, డోర్ లైన్. బాగుంది చచ్చా, అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా బాగుంది.

తర్వాత యూనియన్ కార్యదర్శి సంజీవ అన్న గేటు దగ్గర కలిశాడు. 

"లింగయ్యనే అంగీ ఇచ్చిండని తేలితే ముందుగాల సస్పెన్షన్ ఆయనకే. దవాఖాన ఖర్చు కంపెనీ ఎందుకు పెడ్తది? ఆయన పెండ్లాం పిల్లలు ఏం గావాలె? జర సోంచాయించు."

"మరి చాంద్యా?" అన్నాను.

"చాంద్యా మన మెంబర్ గాదు గద."

ఆ మాట కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పాడు.

ఆదివారం హనుమకొండ వెళ్లాను. లింగయ్య అన్న లేచి కూర్చుంటున్నాడు. రెండు మాటలకోసారి ఊపిరి అందడం లేదు. చొక్కా సంగతి అడిగాను. "నాకు యాదికి లేదు సబా" అని గోడ వైపు తిరిగాడు. ఆయన భార్య కమలక్క నన్ను బయటి దాకా సాగనంపింది. నా చెయ్యి ఆటో వచ్చేదాకా వదల్లేదు.

చాంద్యాను రోజూ స్టేషన్‌కు పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టి సాయంత్రం పంపుతున్నారట. విచారణలో దొంగతనం అని తేలితే కేసు రాస్తారట.

అబద్ధం చెప్పమని నన్నెవరూ అడగడం లేదు. ఒక ముక్క వదిలేయమంటున్నారు. ఆ ముక్క వదిలేస్తే కంపెనీ బాగుంటుంది, యూనియన్ బాగుంటుంది, లింగయ్య అన్న బాగుంటాడు, నేను బాగుంటాను. చాంద్యా ఒక్కడే పోతాడు. ఇప్పుడు చెప్పండి.

మీ సబా.


కాటారం,
ఆగస్టు 18.

చిరంజీవి సౌభాగ్యవతి సబాకు,

నీ ఉత్తరం అందింది. విషయం అన్ని వైపుల నుంచి ఆలోచించాను. యాజమాన్యం నీ మీద నమ్మకం ఉంచింది. అలాంటి నమ్మకాన్ని నిలబెట్టుకోవడం ఉద్యోగస్తురాలి బాధ్యత. పర్మనెంటు ఉద్యోగం ఈ కాలంలో మళ్లీ మళ్లీ రాదు. మీ అబ్బా కళ్ల సంగతి నీకు తెలుసు. పెద్దలు సూచించిన ప్రకారం, అడిగినదానికి మాత్రమే సమాధానం చెప్పి రాగలవు.

చాంద్యా వంటి వారికి పని ఎక్కడైనా దొరుకుతుంది. 

ఆశీస్సులతో,
ఫకీర్ అహ్మద్.


జనగామ,
ఆగస్టు 21.

చచ్చాకు,

ఇది మీ చేతిరాతే, మాట మాత్రం మీది కాదు. ఎగతాళి లేకుండా మీరు 'యాజమాన్యం' అన్న మాట పలకడం నేను పుట్టి ఎరుగను. పెళ్లి కాని నన్ను సౌభాగ్యవతిని కూడా చేశారు. ఈ ఉత్తరం రాసేటప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారో నాకు అర్థమైంది.

ఇన్నాళ్లూ మీకొక సంగతి దాచాను. ఆమెర్ అన్న కంపెనీలో సూపర్‌వైజర్ కాదు. లేబర్ కాంట్రాక్టర్. మా సెక్షన్‌లో బూడిద చొక్కాలన్నీ ఆయన పెట్టిన మనుషులే. ఆ శుక్రవారం వాళ్లను లెక్కపెట్టాల్సిన మనిషి ఆయన మనిషే. పొద్దున్నే అతన్ని ఇంకో కంపెనీకి మనుషుల్ని దించి రమ్మని పంపాడు. చాంద్యాను తీసేసిందీ, స్టేషన్‌లో కాగితం ఇచ్చిందీ ఆమెర్ అన్నే.

జీవితమంతా కాంట్రాక్టర్లతో కొట్లాడిన మీకు, కొడుకే కాంట్రాక్టరని ఎలా రాయమంటారు? నాకు చేతకాలేదు. ఇప్పుడు కోపంలో రాశాను. తప్పయితే మన్నించండి.

విచారణ ఇంకో వారంలో ఉంది. నాకు కావలసింది ఆమెర్ అన్న సలహా కాదు. అది ఆయన నా గదికి వచ్చి నేరుగానే ఇచ్చిపోయాడు.

సబా.


కాటారం,
ఆగస్టు 24.

బేటా,

నాకు తెలుసు. రెండేళ్ల నుంచి తెలుసు. సూపర్‌వైజర్ జీతానికి నాలుగు వ్యాన్లు రావు. ఇక్కడి పిల్లలను వ్యాన్‌లో ఎక్కించుకుపోతుంటే ఊరంతా చూసింది, నేను మాత్రం చూడలేదా? నీకు తెలిస్తే నన్ను చూసి నవ్వుతావని దాచాను. నువ్వు నా కోసం దాచావు, నేను నీ కోసం దాచాను. చాచీ ఒక్కతే ఎవరి కోసమూ ఏదీ దాచకుండా హాయిగా ఉంది.

ఆమెర్ ఆదివారం వచ్చాడు. నా చెవి వినపడదు కదా, కాగితం మీద రాసి చూపించాడు. చాంద్యా దొంగ కాదని తేలితే, ఆ రోజు బూడిద అంగీలను ఎవరు లెక్కపెట్టారని అడుగుతారు. అడిగితే వాడి కాంట్రాక్టు పోతుంది. బ్యాంకు వాళ్లు వ్యాన్లు తీసుకుపోతారు. చివర్లో, "బాబా, మీరు ఎవరి వైపు?" అని రాశాడు. 

నేను నీకు ఆ ఉత్తరం రాశాను. వాడు పక్కన కూర్చుని చదివి, మడిచి, తానే డబ్బాలో వేశాడు. నాకు సిగ్గుగా ఉంది బేటా. 

నేను కూడా బాయిలో మొదట బదిలీ మనిషినే. ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు దిగేవాణ్ణి, అందరూ వస్తే ఇంటికి తిరిగి వచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను పట్టించుకున్నవాళ్లు పర్మనెంటు వాళ్లే. వాళ్లు పట్టించుకున్నారు కాబట్టే నీకు ఇంత పెద్ద మాటలు రాయగలిగాను. నా ఇంట్లోకి వచ్చేసరికి ఆ మాటలు ఆగిపోయాయి.

ఈసారి సలహా ఇవ్వను. ఇచ్చే మొహం లేదు. నువ్వు ఏం చేసినా ఆమెర్ నా కొడుకే, నువ్వు నా బిడ్డవే. అది మాత్రం విచారణలో తేలేది కాదు.

ఫకీర్ అహ్మద్.


జనగామ,
సెప్టెంబర్ 6.

చచ్చాకు సలాం.

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏసీ గది. విచారణ చేసే ఆయన హైదరాబాద్ నుంచి వచ్చాడు, రిటైరైన మనిషి. ఒక పక్క దీక్షిత మేడం, ఇంకో పక్క సంజీవ అన్న. చాంద్యాను చివరన తలుపు దగ్గర కూర్చోబెట్టారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

నన్ను అడిగారు. "నలభై మందీ వచ్చారని మీరు ప్రకటించారు కదా?"

"నలభై అంగీలు వచ్చినయ్ సార్."

"మనుషులు?"

"మనుషుల దిక్కు చూడలే సార్. చూడుమని మాకెవ్వలు చెప్పలే."

దీక్షిత మేడం రాయడం ఆపింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఇక ఆగితే చెప్పలేనని మిగతాది కూడా అక్కడే చెప్పేశాను. నెలనెలా శుక్రవారం నీలం చొక్కాలు చేతులు మారతాయని, మేనేజర్లతో సహా అందరికీ తెలుసని, లింగయ్య అన్నే తన చొక్కా చాంద్యాకు ఇచ్చాడని. చాంద్యా ఎవరూ అడక్కుండానే వచ్చి చెప్పాడని. బూడిద చొక్కాలను లెక్కపెట్టడానికి ఆ రోజు ఎవరూ లేరని. కాంట్రాక్టరు పేరు అడిగారు. చెప్పాను. మా చచ్చా కొడుకని కూడా చెప్పాను, తర్వాత ఇంకెవరో చెప్పడం ఎందుకని.

"ఇది చెప్తే మీకే నష్టమని తెలుసా?" అని పెద్దాయన అడిగాడు. మంచిగానే అడిగాడు.

"తెలుసు సార్. చాంద్యా గూడ చెప్పెటప్పుడు తెలిసే చెప్పిండు" అన్నాను.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. చాంద్యా కాస్త దూరంలో నిలబడ్డాడు.

సాయంత్రం కమలక్క ఫోన్ చేసి తిట్టింది. నీకు పిల్లలుంటే తెలిసేదంది. పూర్తిగా విన్నాను. ఆమె తిట్టడంలో తప్పేమీ నాకు కనపడలేదు.

నిన్న పర్మనెంటు లిస్టు గోడకు అంటించారు. ముప్పై పేర్లున్నాయి. డోర్ లైన్ నుంచి వేరే అమ్మాయి పేరుంది. మంచి పిల్లే. నా పదకొండు నెలలు ఈ పదిహేనున అయిపోతాయి. వారం తర్వాత పిలుస్తామన్నారు. ఎప్పుడూ అనే మాటే గానీ ఈసారి చెప్పినవాడు నా మొహం చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఇంతకాలం ఏడవకుండా ఉండి, ఆ గోడ ముందు నిలబడి ఏడ్చాను. చెప్పినందుకు కాదు. ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి.

మీ సబా.


కాటారం,
సెప్టెంబర్ 19.

బేటా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చాచీకి కూడా చదివి వినిపించాను. ఆమె కొంగు కళ్లకు పెట్టుకుని, లేచి వెళ్లి ఆమెర్‌కు ఇష్టమైన కూర వండింది. తల్లులకు అన్నీ ఒకేసారి తెలుస్తాయి.

ఆమెర్ కాంట్రాక్టు పోయింది. చాంద్యా మీద ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకోమని కంపెనీయే వాడికి చెప్పిందట. లేబర్ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి అడగడం మొదలుపెట్టాక అందరికీ తొందర పుట్టింది. రెండు వ్యాన్లు పోయాయి. రెండు మిగిలాయి. వాటిలో మహదేవపూర్ వైపు బడి పిల్లలను తిప్పుతానంటున్నాడు. 

వాడు ఇంట్లోనే ఉన్నాడు. నాకు ఎదురుగా కూర్చోడు. నీ పేరు ఎత్తితే లేచిపోతాడు. నాకు వాడి మీద కోపం ఉంది, జాలి కూడా ఉంది. వాణ్ణి పెంచింది నేనే కదా. నీ మీద మాత్రం ఒకటే ఉంది. అది రాస్తే నువ్వు పొంగిపోతావని రాయడం లేదు.

కంపెనీ పిలిచిందా? నిజం రాయి.

నీ చచ్చా.


మహబూబాబాద్,
నవంబర్ 8.

చచ్చాకు సలాం.

పిలవలేదు. వారం నెలయింది, నెల రెండయింది. ఫోన్ చేస్తే ఖాళీలు లేవంటున్నారు. నాతో పాటు గడువు అయిపోయిన మిగతావాళ్లందరూ మళ్లీ చేరారు.

ఇక్కడ అబ్బా షాపులోనే కూర్చుంటున్నాను. కుట్టు నాకు చిన్నప్పుడు వచ్చు, ఇప్పుడు మళ్లీ చేతికి వస్తోంది. అబ్బా కొలతలు తీస్తాడు, కత్తిరించడం కుట్టడం నావి. షాపు మూయిస్తానన్నదాన్ని వచ్చి అందులోనే కూర్చున్నానని అమ్రీన్ ఏడిపిస్తోంది. నవ్వుతున్నాను గానీ పొద్దున ఏడింటి రైలు కూత వినపడితే లైన్ మొదలయ్యే వేళయిందని చేతులు ఊరికే ఆగుతాయి. 

లింగయ్య అన్నకు మెమో ఒకటి ఇచ్చి ఊరుకున్నారు. దవాఖాన ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. కూర్చుని చేసే పనిలో వేశారు. కమలక్క మళ్లీ ఫోన్ చేయలేదు.

నిన్న చాంద్యా షాపుకు వచ్చాడు. తండా నుంచి కందికాయ తెచ్చాడు. పనేం చేస్తున్నావని అడిగాను. మళ్లీ మా కంపెనీలోనే చేరాడట. ఇంకో కాంట్రాక్టరు కింద, అదే సెక్షన్, అదే బూడిద చొక్కా. పండుగ సీజను, లైన్‌కు మనుషులు చాలడం లేదట. ఆయనను దొంగ అన్న చోటికే మళ్లీ పిలిచారు. నన్ను పిలవలేదు. చాంద్యా తలెత్తకుండా, "తప్పైంది సబమ్మా, పని లేక ఇంట్ల ఎల్తలేదు" అన్నాడు. ఇందులో తప్పేముందని అన్నాను. మనసులో కాసేపు కష్టంగా ఉంది. మీ దగ్గర దాచేదేముంది, చాలా కష్టంగా ఉంది. టీ తెప్పించాను.

టీ తాగుతూ ఒక సంగతి చెప్పాడు. మంటల తర్వాత లేబర్ ఆఫీసు వాళ్లు గట్టిగా అడగడంతో, లెక్క పద్ధతి మార్చారట. సైరన్ మోగితే ఇప్పుడు సెక్షన్ మొత్తం ఒకటే వరస. నీలం, పసుపు, బూడిద అని లేదు. పేర్లు చదువుతారు. పోయిన వారం మొదటిసారి ఊరికే సైరన్ కొట్టి చూశారట.

"కొత్త పిల్ల ఒకామె ఎర్ర టోపీ వెట్టుకొని పేర్లు పిల్వవట్టింది. బానోతు చాంద్యా అన్నది. నేను పల్కలే సబమ్మా. మల్ల పిల్చింది. ఏడేండ్ల సంది ఆ గేటు లోపట నా పేరు ఎవ్వలు పిల్వలే. ఇంకెవలో అనుకున్న" అన్నాడు.

వెనకాల నిలబడ్డ లింగయ్య అన్న ఆయన భుజం తట్టి, "నిన్నే రా, పలుకు" అన్నాడట.

మీ సబా.